ఎనుబది రూపాయల అప్పు



వంట నేర్పు ప్రతి యింటను గలదు. అది జీవనోపాధి యగుట యెట్లో బొంబాయి స్త్రీల చరిత్రము తెలుపుచున్నది. 1959 మార్చి 15న గిర్గాంలో ఏడుగురు గృహిణులు ఒక భవనపు డాబాపై గూడి, 80 రూపాయల అప్పుతో అప్పడములు చేయ నారంభించిరి. ఆనాడు చేసినవి నాలుగు పొట్లములు మాత్రమే.

తోడ్పడిన ఛగన్‌లాల్ పారేఖ్ దానము చేయలేదు, అప్పిచ్చెను. వారు మేలురకమును, చౌకకు నాసిరకమును చేయుచుండగా, ఒకే మేలురకము చేయుడనియు, లెక్కలు సరిగా వ్రాయుడనియు బోధించెను. నష్టము వచ్చినను విరాళము లడుగరాదని స్త్రీలు నిశ్చయించుకొనిరి.

తొలియేడు వానలలో అప్పడము లారక నాలుగు నెలలు పని నిలిచెను. మరుసటి యేడు మంచముపై అప్పడములు పరచి, క్రింద పొయ్యి వెలిగించి యారబెట్టిరి.

ఆ సంఘమే లిజ్జత్. నేడు వేలకొలది స్త్రీలు అందు భాగస్వాములు, లాభనష్టములు అందరివి. స్థాపకురాండ్రలో నొకరైన జస్వంతీబెన్ పోపట్‌కు 2021లో పద్మశ్రీ లభించెను.

ఏ గ్రామమందైనను స్త్రీలు అప్పడములకో, రొట్టెలకో సంఘము పెట్టదలచినచో, అప్పిచ్చువారు కొందరు, లెక్క నేర్పువారు కొందరు కావలయును. ఈ రెండవ పని గ్రంథాలయమునకు తగినది.