నీళ్లు చూస్తే నెత్తురు

2023 జూన్ 2న ఒడిశాలోని బాహానగా బజార్ దగ్గర కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ ప్రమాదానికి గురైంది. మన విశాఖ, విజయవాడ మీదుగా చెన్నై వెళ్లే బండి అది. 290 మందికి పైగా చనిపోయారు. నుజ్జయిన బోగీల్లోంచి మనుషుల్ని బయటికి తీసిన జాతీయ విపత్తు స్పందన దళం జవాన్లలో ఒకరికి ఆ తర్వాత నీళ్లు చూస్తే నెత్తురే కనబడిందట. మరొకరికి ఆకలి చచ్చిపోయిందట. ఈ సంగతి చెప్పింది ఆ దళాధిపతే. జవాన్లకు కౌన్సెలింగ్ ఇప్పిస్తున్నామనీ అన్నారు. అలా బయటికి చెప్పడం గొప్ప మేలు.

నీళ్లలో నెత్తురు కనబడడం పిరికితనం కానే కాదు. మెదడులో అమిగ్డలా అనే చిన్న భాగం ప్రమాదాన్ని పసిగట్టి ఒళ్లంతటినీ అప్రమత్తం చేస్తుంది. పక్కనున్న హిప్పోక్యాంపస్ ఏది ఎప్పుడు, ఎక్కడ జరిగిందో గుర్తుంచుకుంటుంది. నుదుటి వెనక భాగం ‘ఇక భయం లేదు’ అని సర్దిచెబుతుంది. ఘోరాలు చూసిన కొందరిలో ఈ పొందిక చెడుతుంది. ఎప్పుడో జరిగింది ఇప్పుడే జరుగుతున్నట్టు ఉంటుంది. నిద్ర పట్టదు. చిన్న చప్పుడుకే ఉలిక్కిపడతారు. ఇలా నెల దాటితే అది పీటీఎస్‌డీ, అంటే ఘోర అనుభవం తర్వాత వచ్చే మానసిక జబ్బు కావచ్చు.

న్యూయార్క్‌లో 2001 సెప్టెంబరు 11 దాడుల తర్వాత శిథిలాల్లో పనిచేసినవారిని ఏళ్ల తరబడి పరిశీలించారు. వాళ్లలో పీటీఎస్‌డీ ఉన్నవారికి జ్ఞాపకశక్తి, ఆలోచనా వేగం తగ్గడం ఎక్కువగా కనిపించింది.

పీటీఎస్‌డీకి మంచి మానసిక చికిత్సలున్నాయి. అయితే ‘నాకు బాగాలేదు’ అని యూనిఫాంలో ఉన్న మనిషి నోరు తెరిచి చెప్పి సాయం అడగాల్సి రావడమే నాకు బాధ. అగ్నిమాపక సిబ్బందికైనా, 108 అంబులెన్స్ ఉద్యోగులకైనా అడక్కుండానే కౌన్సెలింగ్ అందాలి. ఈలోగా ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416 రాసిపెట్టుకోండి. ఉచితం, తెలుగులోనే మాట్లాడవచ్చు.