ఆర్డరు వస్తే సగం పనే, బిల్లు వస్తేనే పని పూర్తి
(నస్పూర్ పట్టణ సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగం)



పొదుపు లెక్కలు, బ్యాంకు లింకేజీ లెక్కలు ఇప్పుడే విన్నరు. నేను ఒక్క విషయమే మాట్లాడుత. సర్కారు మన దగ్గర కొనే తీరు ఎట్ల ఉండాలె, అమ్మేవాళ్లుగా మనం ఏం అడగాలె అన్నది.

సర్కారు పని మనకు కొత్త కాదు. ఊళ్లల్ల మహిళా సంఘాలు ఐకేపీ కేంద్రాలు నడిపి వడ్లు కొంటున్నయి. 2024లో సర్కారు బడి పిల్లల యూనిఫాంలు కుట్టే పని సంఘాలకు ఇచ్చి, కుట్టుకూలి జతకు 50 నుంచి 75 రూపాయలు చేసిండ్రు. సంతోషం. అయితే లెక్క కూడా చూద్దాం. వెయ్యి జతలు కుడితే 75,000. పది మంది పంచుకుంటే మనిషికి 7,500. దారం, గుండీలు, కరెంటు, ఆటో కిరాయి మన మీద పడితే ఎంత మిగులుతది? బిల్లు నాలుగు నెలలు ఆగితే ఏమైతది? మిషన్ కోసం తీసుకున్న అప్పు కిస్తీ ఆగదు గదా. ఆలస్యం ఆఫీసుల అయితది, వడ్డీ మన ఇంట్ల పడుతది.

"పని ఇచ్చిందే గొప్ప, మళ్ల పైసలకు ఎట్ల అడుగుతం?" అని కొందరు అక్కలు అంటరు. అమ్మా, ఇది దానం కాదు, కొనుగోలు. 2006 ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం చిన్న సంస్థ దగ్గర కొన్నవాళ్లు ఒప్పుకున్న తేదీలోపు పైసలియ్యాలె. ఆ గడువు 45 రోజులు దాటొద్దు. దాటితే రిజర్వు బ్యాంకు రేటుకు మూడింతల వడ్డీ, నెలనెలా చక్రవడ్డీ లెక్కన కట్టాలె. సరుకు అందిన 15 రోజులలోపు రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే, సరుకు ఒప్పుకున్నట్టే లెక్క. అయినా ఇయ్యకపోతే ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయొచ్చు. దీనికి ఉద్యం నమోదు కావాలె. అది ఉచితం. ఆర్డరు తీసుకునే ముందే చేయించుకోవాలె, గొడవ వచ్చినంక కాదు.

కాబట్టి ఏ ఆఫీసు ఆర్డరిచ్చినా నాలుగు మాటలు కాగితం మీద రాయించుకుందాం. ఒకటి, ఎన్ని, ఏ సైజులు, ఎప్పటిలోగా. రెండు, దారం, గుండీలు, రవాణా ఎవరి ఖర్చు. మూడు, ముందు ఒక నమూనా కుట్టిస్తం, దాని మీద సంతకం. నాలుగు, సరుకు ముట్టినట్టు రసీదు, పైసలిచ్చే తేదీ. ఫోన్ల చెప్పిన ఆర్డరుకు సాక్ష్యం ఉండదు.

అధికారులకు ఒక మనవి. బడులు జూన్‌ల తెరుస్తరని అందరికీ తెలుసు. గుడ్డ, కొలతలు వేసవికి ముందే ఇస్తే కుట్టు మంచిగుంటది, పిల్లలకు మొదటి రోజే బట్టలు అందుతయి. ఆఖరికి తొందర పెడితే కొలత తప్పుతది, మాట మాత్రం సంఘానికి వస్తది. పెద్ద ఆర్డరును చిన్న భాగాలు చేసి, భాగానికి భాగం బిల్లు ఇస్తే చేతిల పెట్టుబడి లేని సంఘం కూడా పని పట్టుకుంటది.

బడి బట్టల దగ్గరే ఆగొద్దు. కేంద్ర శాఖలు, కేంద్ర సంస్థలు ఏటా తమ కొనుగోళ్లల్ల 25 శాతం చిన్న సంస్థల దగ్గర కొనాలె, అందుల 3 శాతం మహిళల సంస్థల దగ్గర. మనకు దగ్గర్ల ఉన్న రామగుండం ఎన్టీపీసీ కేంద్ర సంస్థనే. 2016లో మొదలైన జెమ్ పోర్టల్‌ల సర్కారు ఆఫీసులు సరుకు కొంటయి. సంఘాలు కూడా అందుల తమ సరుకు పెట్టొచ్చు.

మన బాధ్యత కూడా ఉన్నది. ఒప్పుకున్న తేదీ తప్పొద్దు. ఒక్క సంఘం వంకర కుట్టు కుడితే పది సంఘాల పేరు పోతది. సరుకు పంపే ముందు మనమే తనిఖీ చేసుకోవాలె.

ఈ ఏడాది రెండు తీర్మానాలు పెడుతున్న. కుట్టుపని చేసే ప్రతి సంఘానికి ఉద్యం నమోదు. సమాఖ్య ఆఫీసుల ఒక ఆర్డర్ల రిజిస్టరు: ఆర్డరు తేదీ, సరుకు ఇచ్చిన తేదీ, బిల్లు వచ్చిన తేదీ. నెలనెలా మీటింగుల అది చదవాలె. ఒప్పుకున్నోళ్లు చేతులెత్తండి.

సెలవు. జై మహిళా శక్తి.