పట్నములో పల్లె దంపతుల వారము

(గ్రామ పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



మీ గ్రామములలో తాళము వేసియున్న ఇండ్లు ఎన్ని కలవో మీరెన్నడైన లెక్కించితిరా? ఇంటిపన్ను వసూలునకు పోయినపుడు, "ఆ ఇంటివారు పట్నములో కొడుకు దగ్గర ఉన్నారు" అని పొరుగువారు చెప్పుదురు. పుస్తకములో బాకీయని వ్రాసికొని ముందుకు సాగుదుము. ఆ బాకీ వెనుకనున్న మనుష్యులు ఇప్పుడెట్లు కాలము గడుపుచున్నారను విషయమును గూర్చి నేడు కొంత మాటలాడదలచితిని.

వారు విశ్రాంతి గైకొనుచున్నారని మనమనుకొందుము. ఉద్యోగికి పదవీ విరమణము తేదీతోసహా కాగితముపై వచ్చును. రైతుకు అట్టి కాగితమును ఎవ్వరును ఇయ్యరు. అతని మోకాళ్ళే ఇయ్యవలయును. అవి ఇచ్చిన పిదప ఇల్లాలితో కలిసి కొడుకు ఇంటికి పోవును. పోయిన మరునాటి నుండి క్రొత్త కొలువు ప్రారంభమగును.

నల్లగొండ జిల్లాలో జాతీయ రహదారికి దాపుననున్న ఒక గ్రామము నుండి వచ్చి, హైదరాబాదు తూర్పు భాగమున దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి. నగర్‌ల నడుమ నివసించుచున్న ఒక వృద్ధ దంపతుల వారమును మీ ముందుంచెదను. వారి పేర్లు చెప్పను. అట్టివారు మీ ఊరివారే నలుగురైదుగురు ఉందురు గనుక, పేర్లు మీరే పెట్టుకొనవచ్చును. కుమారుడు దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక బట్టల దుకాణమున పని చేయుచున్నాడు. కోడలు ఆసుపత్రిలో నర్సు. పిల్లలిద్దరు.

మనవారు ఆ ప్రాంతమునకే ఏల పోవుదురని కొందరడుగుదురు. ఎల్.బి. నగర్ అనగా లాల్ బహదూర్ శాస్త్రిగారి పేర వెలసిన లాల్ బహదూర్ నగరము. విజయవాడ రహదారియు, నాగార్జునసాగర్ రహదారియు అచ్చటనే నగరమున ప్రవేశించును. సూర్యాపేట, నల్లగొండ, దేవరకొండల నుండి వచ్చువారు దిగునది అచ్చటనే. బస్సు దిగిన చోటనే బస వెదకుకొనుట మానవ స్వభావము. ఆ పురపాలక సంఘము 2007లో మహానగర పాలక సంస్థలో కలిసినది. 2018 సెప్టెంబరు 24న అమీర్‌పేట నుండి ఎల్.బి. నగర్ వరకు మెట్రో రైలు నడువసాగినది. అద్దెలును ఆ రైలువలెనే పైకెక్కినవి.

ఇక వారి దినచర్య. నల్లా నీరు దినము విడిచి దినము వచ్చును. వచ్చు దినమున పెద్దమ్మ తెల్లవారుజాముననే లేచి బిందెలు, డ్రమ్ములు నింపును. ఈ నీటి కథ మీరు వినదగినది. కృష్ణా జలములు నల్లగొండ జిల్లాలోని అక్కంపల్లి జలాశయము నుండి ఎత్తిపోయబడి, సాహెబ్‌నగర్ మీదుగా నగరమునకు చేరును. మొదటి దశ 2004లో పూర్తియైనది. ఆ జిల్లాలోనే మునుగోడు, మర్రిగూడ ప్రాంతముల ప్రజలు తరతరములుగా ఫ్లోరైడు నీటిని త్రాగి ఎముకలు వంకరలై బాధపడిరి. లీటరు నీటిలో ఒకటిన్నర మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడున్నచో ఆ నీరు త్రాగుటకు పనికిరాదు. 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ పథకముచే గ్రామములకు నదీజలము చేరినది. కాని పెద్దమ్మ మోకాళ్ళు అంతకు ముందటి నీటితో ఎదిగినవి. "మా జిల్లా మీదుగ వచ్చిన నీళ్ళు తాగనీకె నేను ఇంత దూరం రావల్సొచ్చె" అని ఆమె అనినప్పుడు నవ్వవలయునో ఊరకుండవలయునో నాకు తెలియలేదు.

నీరు పట్టిన పిమ్మట వంట, పిల్లల డబ్బాలు, జడలు. తాత పిల్లలను బడి బస్సు ఎక్కించి, సాయంకాలము దింపుకొనవలయును. పగలు గ్యాసు వచ్చును, కరెంటు బిల్లు వచ్చును, ఎవరో తలుపు తట్టుదురు. ఆ ఇంట వీరిరువురు లేకున్నచో కోడలు ఉద్యోగము మానవలసియుండును. ఈ సేవకు జీతమును లెక్కించినవారు లేరు.

మంగళవారము కర్మన్‌ఘాట్ హనుమంతుని దర్శనము, గురువారము దిల్‌సుఖ్‌నగర్ సాయిబాబా మందిరము. మెట్రో మరమెట్లు ఆమెకు భయము. లిఫ్టు కనుగొన్న నాటి నుండి ధైర్యము వచ్చినది. బస్తీ దవాఖానలో రక్తపోటు మాత్రలు ఉచితముగా ఇచ్చుచున్నారు. ఈ దవాఖానలు 2018లో మొదలైనవి. 70 ఏండ్లు నిండినవారికి ఆదాయముతో నిమిత్తము లేకుండ సంవత్సరమునకు 5 లక్షల రూపాయల వరకు వైద్యమునకై కేంద్ర ప్రభుత్వము 2024 అక్టోబరు 29న వయోవందన కార్డు ప్రారంభించినది. మీ గ్రామములలో ఆ వయస్సువారికి ఈ సంగతి తెలియునా అని విచారింపుడు.

బుధవారము రేషను, రైతు బజారు. వారి కార్డు గ్రామములోనే యున్నది. ఊరు విడిచినచో బియ్యము పోవునను భయముతో పలువురు కార్డు మార్పించుటకై కార్యాలయముల చుట్టు తిరుగుచుందురు. అది అనవసరము. రాష్ట్రములో ఏ చౌకధరల దుకాణముననైనను వేలిముద్ర వేసి తీసికొనవచ్చును. ఒకే దేశము ఒకే కార్డు అను పద్ధతి 2019 ఆగస్టులో మొదలిడినపుడు తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లు మొదటి రాష్ట్రములలోనివి. 2025 ఏప్రిల్ నుండి తెలంగాణలో మనిషికి 6 కిలోల చొప్పున సన్న బియ్యము ఇచ్చుచున్నారు. ఈ దంపతులు మొదటి ఎనిమిది మాసములు ఈ సౌకర్యమును ఎరుగక, బియ్యమునకై ఊరికి పోయి సంచి మోసికొని వచ్చిరి. ఒక్క మాట చెప్పువారు ఊరిలో లేకపోయిరి.

రైతు బజారులు 1999 జనవరి 26న మొదలైనవి. సరూర్‌నగర్ రైతు బజారునకు తాత పోవునది కూరగాయలకు మాత్రమే కాదు. అచ్చట కూర్చున్న రైతులతో విత్తనములు, తెగుళ్ళు, కూలిరేట్లు మాటలాడును. "ఏ ఊరు పెద్దాయనా?" అని ఒకడడిగినంతనే గంటసేపు గడచును. ఇంటికి వచ్చిన పిదప వంకాయలు మరచితినని మరల పోవును. ఇల్లాలు ఏమియు అనదు.

దారిలో సరూర్‌నగర్ చెరువు తగులును. అది పురాతనమైన తటాకము. నగరవాసులకు అది ఉదయపు నడకకు అనువగు చోటు. తాత దానిని చెరువుగనే చూచును. అలుగు ఎటు, తూము ఎచ్చట, శిఖము ఎంత మేర ఉండెనని చేతి కర్రతో చూపును. 2020 అక్టోబరులో కుంభవృష్టి కురిసినపుడు ఆ చెరువు క్రింది కాలనీలు రోజుల తరబడి నీట మునిగినవి. నీరు తన పాత దారిని మరువలేదు, దారిపై ఇండ్లు కట్టినవారు మరచిరి. మీ ఊరి చెరువు అలుగు కాలువ హద్దులు రికార్డులో ఉన్నంత వెడల్పుగ నేలపై నున్నవో లేవో కొలిపింపుడని ఈ సందర్భమున మనవి.

శుక్రవారమును గూర్చి కొంచెము విస్తరించి చెప్పవలయును. ఆసరా పింఛను 2019లో 2,016 రూపాయలైనది. తాతకు ఆ పింఛను కలదు. రేషను ఎక్కడనైనను ఇచ్చుచున్నను, పింఛనుకు మాత్రము ఆయన గ్రామ తపాలా కార్యాలయమునకే పోవలయును. అందుచేత నెలకొకసారి ఇరువురును బయలుదేరుదురు. 2023 డిసెంబరు 9 నుండి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో స్త్రీలకు టిక్కెట్టు లేదు. కావున పెద్దమ్మ ఊరకనే పోవును. కుటుంబమునకు ఒకటే వృద్ధాప్య పింఛను, అది తాత పేర నున్నది, టిక్కెట్టు కొనవలసినదియు తాతయే. ఇట్టి చమత్కారములు ఏ కార్యాలయములోను ఎవరును ఉద్దేశించి చేసినవి కావు. వేర్వేరు మంచి పథకములు ఒకే ఇంటిలో కలిసినపుడు ఇట్లు జరుగుచుండును.

నేను చెప్పు శుక్రవారమున వారు తొమ్మిది గంటలకే గ్రామము చేరిరి. యంత్రమునకు సంకేతము అందలేదు. పదునొకండు గంటలకు అందినది. అప్పుడు తాత వేలిముద్ర పడలేదు. ఏబది యేండ్లు పార పట్టిన చేతిలో గీతలేముండును? వేలిముద్రలు పడనివారికి పంచాయతీ కార్యదర్శి ధ్రువీకరణముతో చెల్లించు పద్ధతి కలదు. 2025లో ముఖమును గుర్తించు పద్ధతియు ప్రవేశపెట్టబడినది. కాని ఆనాడు కార్యదర్శి మండల సమావేశమునకు పోయియుండెను. నాలుగు గంటలకు ఆయన వచ్చిన పిదప డబ్బు చేతికందినది. ఆయనను తప్పుపట్టుట నా ఉద్దేశము కాదు. పింఛను పంచు దినములలో కార్యదర్శి ఏ వేళ ఊరిలో ఉండునో ముందుగ తెలిపియున్నచో, ఆ వృద్ధుడు ఏడు గంటలు అరుగుపై కూర్చుండవలసిన పని లేకపోయెడిది.

ఈలోగ పెద్దమ్మ ఊరకుండలేదు. ఇల్లు తెరచి బూజు దులిపినది. దీపము పెట్టినది. రెండిండ్లలో పరామర్శ, ఒక ఇంట పెండ్లిపిల్లకు ఒడిబియ్యము. బత్తాయి తోట కౌలుదారుని పిలిచి నీటి తడుల లెక్క అడిగినది. పట్నమునకు తిరిగివచ్చునప్పటికి రాత్రి తొమ్మిది గంటలు.

ఆ దినముననే వారికి మరొక సంగతి తెలిసినది. గ్రామసభ ముందటి దినముననే జరిగినది. వారి వీధి మురుగు కాలువ విషయమే అందు చర్చకు వచ్చినది. దండోరా పట్నమునకు వినరాదు కదా! 2025 డిసెంబరులో పంచాయతీ ఎన్నికలు జరిగినపుడు వారి ఇంటి ముందునకు కారు వచ్చినది. ఓటు వేయించి మరల దింపిరి. గ్రామసభకు కారు అక్కరలేదు. ఒక ఫోను చాలియుండెడిది. సభ్యులు నవ్వుచున్నారు. కారు పంపినవారెవరో వారికే తెలియును.

శనివారము తాత కొత్తపేట వైపు నడచును. అచ్చట గడ్డిఅన్నారము పండ్ల మార్కెట్టు ఉండెడిది. నల్లగొండ బత్తాయి రైతులకు ఆ స్థలము సుపరిచితము. రాత్రి లారీ ఎక్కి, తెల్లవారుజామున దిగి, హమాలీలు, దడువాయి, కమీషను ఏజెంటు, తరుగు, ఈ గండములన్నియు దాటి పట్టీ చేతపట్టుకొని ఇంటికి పోయిన దినములు ఆయనకు పెక్కు కలవు. అప్పుడు మార్కెట్టు దూరము, తోట దగ్గర. ఇప్పుడాయన మార్కెట్టు స్థలమునకు కాలినడక దూరముననే ఉన్నాడు. మార్కెట్టే 2021, 22 సంవత్సరములలో బాటసింగారమునకు తరలిపోయినది. ఆ స్థలమున ప్రభుత్వ ఆసుపత్రికి 2022 ఏప్రిల్‌లో శంకుస్థాపన జరిగినది. "పండ్లమ్మిన జాగల మందులు తీసుకోవాలె" అని ఆయన అనును.

ఆ సాయంకాలము ఇంటిలో పెద్ద మాట వచ్చినది. "నాయినా, తోట అమ్మి హయత్‌నగర్ దగ్గర ప్లాటు తీసుకుందాం, లేకుంటె నా పేర రాయి, బ్యాంకు అప్పు పుట్టిస్త" అని కుమారుడనెను. కుమారుడు దుర్మార్గుడు కాడు. అద్దెతో విసిగినవాడు. తాత మౌనము వహించెను. పెద్దమ్మ మాత్రము, "మేమున్నన్ని దినాలు మా పేరనె ఉండనియ్యి బిడ్డా" అనినది. ఆ మాట ఆ దినమున అంతటితో ఆగినది. అది తేలలేదు, ఇప్పటికిని తేలలేదు.

ఇట్టి సందర్భమున సలహాకై వారు ఎవరిని అడుగుదురు? ఊరి పెద్దలనే, అనగా మిమ్ములనే. కావున మీరెరుగవలసిన చట్టమొకటి కలదు. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ సంక్షేమ చట్టము 2007లో వచ్చినది. దాని 23వ విభాగము ప్రకారము, తనను పోషింపవలెనను షరతుతో వృద్ధుడు ఆస్తిని దానము చేసినపుడు, పుచ్చుకొన్నవాడు ఆ షరతు తప్పినచో ఆ దానమును రద్దు చేయించుకొనవచ్చును. కాని షరతు దస్తావేజులో స్పష్టముగ వ్రాయించుకొనుట క్షేమము. "మావాడు అట్టివాడు కాడు" అని ప్రతి తండ్రియు అనును. అట్టివాడు కానివానికి ఆ ఒక్క వాక్యముతో నష్టము లేదు. పోషణ భత్యము కోరు అర్జీలను రెవెన్యూ డివిజనల్ అధికారి అధ్యక్షతన గల ట్రిబ్యునలు విచారించును. వకీలుతో పని లేదు. నెలకు 10,000 రూపాయల వరకు ఇప్పింపవచ్చును. నోటీసు అందజేసిన తరువాత 90 దినములలో తీర్పు చెప్పవలయును. సలహాకు 14567 అను సహాయ సంఖ్యకు ఖర్చు లేకుండ ఫోను చేయవచ్చును.

ఆదివారము సెలవని మీరనుకొనవచ్చును. ఆ ఇంట ఆదివారమే అన్నిటికంటె రద్దీ. ఊరి నుండి వైద్యమునకు వచ్చినవారు రాత్రి అచ్చటనే బస చేయుదురు. చైతన్యపురిలోని వసతి గృహములలో ఉండి ఉద్యోగ పరీక్షలకు చదువుకొను మీ ఊరి పిల్లలు ఇంటి అన్నమునకై వత్తురు. వారిలో మీ పిల్లలును ఉండవచ్చును. పెద్దమ్మ పచ్చిపులుసు చేయును, జొన్నరొట్టె కాల్చును. తాత ఎవరి పరీక్ష ఎప్పుడో, ఎవరికి ఫలితము ఏమైనదో జ్ఞాపకముంచుకొనును. ఆ రెండు గదుల ఇల్లు మీ గ్రామమునకు పట్నములోనున్న సత్రము. సత్రమునకు పంచాయతీ పైసా ఇచ్చుటలేదు, సత్రపు యజమానులకు ఇంటిపన్ను నోటీసు మాత్రము తలుపుకు అంటించుచున్నది. ఆ పన్ను వారు శుక్రవారమే చెల్లించిరి. రశీదు నేను చూచితిని.

ఇక మీరు చేయదగిన పని. ఊరు విడిచియున్న వృద్ధుల పట్టిక ఒకటి ప్రతి పంచాయతీలో ఉంచవచ్చును. ఎవరు, ఎచ్చట, ఫోను సంఖ్య ఏది, పింఛను కలదా, వేలిముద్ర పడునా, 70 ఏండ్లు నిండినవా, రేషను ఎచ్చట తీసికొనుచున్నారు, ఇంతియే. గ్రామసభ తేదీయు, పింఛను పంచు దినములును ఆ సంఖ్యలకు ముందుగ తెలుపవలయును. వారు వచ్చు దినముననే వారి పనులన్నియు తీరునట్లు చూడవచ్చును. దీనికి నిధులక్కరలేదు, ఒక పుస్తకము, దానిని తెరచు ఒక మనిషి కావలయును. వారి అనుభవము మీకు ఉపయోగపడును. ఏ పొలము క్రింద ఏ పాత కాలువ ఉన్నదో, ఏ బావి ఏ సంవత్సరము ఎండినదో పటములలో లేని సంగతులు ఆ వృద్ధులకు తెలియును.

పట్టిక నమూనా ప్రతులు కొన్ని తెచ్చితిని. అవి ఆ బల్లపై నున్నవి, కార్యదర్శులు తీసికొనవచ్చును. ఫోను సంఖ్యలు లేనిచో మొదట పొరుగింటివారిని అడుగుడు. తాళపుచెవి సాధారణముగ వారి వద్దనే ఉండును.