బడి ముందు రోడ్డు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

'ఇంజినీరుగా నా అనుభవాలు' అనే అంశం మీద మాట్లాడమని సంఘం వాళ్లు అడిగారు. ఇరవై తొమ్మిదేళ్లు ఒమన్‌లో పని చేసి వచ్చిన మనిషిని. ఓడరేవుల గురించి, కాంక్రీటు గురించి గంటసేపు చెప్పగలను. అధ్యక్షులవారు పది నిమిషాలే ఇచ్చారు. అది మీ అదృష్టం. అందుకని ఒక్క రోజు సంగతే చెబుతాను. గత డిసెంబరులో ముగ్గురం మిత్రులం పొద్దున బయలుదేరి, బందరు చూసి, రాత్రికి ఇల్లు చేరాం. అంతే ప్రయాణం. కానీ అందులో నేను మీ అందరి ముందు ఒప్పుకోవాల్సిన మాట ఒకటుంది.

మన సోషల్ సారు తరగతిలో అడిగే ప్రశ్న మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. "మన బడి ముందు రోడ్డు ఎక్కడి నుంచి ఎక్కడికి పోతుందిరా?" అనేవారు. మేం "సూర్యాపేట నుంచి కోదాడకు సార్" అనేవాళ్లం. "ఇంకా?" అంటే "హైదరాబాద్ నుంచి విజయవాడకు." "ఇంకా?" అక్కడ మా నోళ్లు మూతపడేవి. అప్పుడాయన పటం మీద వేలు పెట్టి ఒక కొసన పుణె, మరో కొసన మచిలీపట్నం చూపించేవారు. అప్పట్లో అది 9వ నంబరు జాతీయ రహదారి. 2010లో నంబర్లు మార్చినప్పుడు 65 అయింది. కొసలు మాత్రం మారలేదు. "ఈ రోడ్డు పట్టుకొని మలగకుండా పోతే సముద్రం వస్తది" అనేవారు సారు. ఆ మాట నా చెవిలో ఉండిపోయింది.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా బడి తరఫున బందరుకు ఎక్స్‌కర్షన్ పెట్టారు. మనిషికి 35 రూపాయలు. మా నాయన దగ్గర ఆ డబ్బులు లేక కాదు. సరిగ్గా ఆ వారమే బాయి మీద మోటరు కాలింది. నారు పోసి ఉంది. ఉన్న డబ్బంతా వైండింగుకు పోయింది. నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. బస్సు తెల్లవారుజామున బయలుదేరుతుందంటే సైకిలేసుకొని వచ్చి గేటు పక్కన వేపచెట్టు కింద నిలబడ్డాను. బస్సు పోయింది. ఇంటికెళ్లి పడుకున్నాను.

మర్నాడు ఒక మిత్రుడు నాకో గవ్వ తెచ్చిచ్చాడు. అలలు తాటిచెట్టంత లేచాయని, కాళ్ల కింద ఇసుక జారిపోయిందని, ఓడ ఒకటి దూరంగా పొగ వదులుతూ పోయిందని కళ్లకు కట్టినట్టు చెప్పాడు. అన్నీ విన్నాను.

ఇప్పుడు నా తప్పు చెబుతాను. 1994లో మస్కట్‌లో దిగేటప్పుడు విమానం కిటికీలోంచి చూసిందే నేను చూసిన మొదటి సముద్రం. కానీ అక్కడ తోటివాళ్లు "సముద్రం ముందెప్పుడైనా చూశావా?" అని అడిగితే "ఎందుకు చూడలేదు, తొమ్మిదో తరగతిలో బందరులో చూశాను" అన్నాను. తాటిచెట్టంత అలలు, ఓడ, పొగ అన్నీ చెప్పాను. తర్వాత పెళ్లయ్యాక నా భార్యకు చెప్పాను. పిల్లలకు చెప్పాను. మా అమ్మాయి దాన్ని బడిలో వ్యాసంగా రాసి బహుమతి కూడా తెచ్చుకుంది. ఇక వెనక్కి తీసుకోవడానికి వీలులేకుండా పోయింది. సోహార్‌లో కొత్త ఓడరేవు కట్టేటప్పుడు సముద్రంలో బండరాళ్లు వేయించి బ్రేక్‌వాటర్ కట్టించిన మనిషిని. కానీ మన బడి ముందు రోడ్డు చివరనున్న సముద్రాన్ని మాత్రం చూడలేదు.

రిటైరై వచ్చాక ఆ లోటు తీర్చుకోవాలనుకున్నాను. ఒంటరిగా పోవడానికి మనసొప్పలేదు. మిర్యాలగూడలో రైస్ మిల్లు నడిపే మిత్రుడు ముందు రోజు రాత్రే సూర్యాపేటలో మా ఇంటికొచ్చాడు. గవ్వ తెచ్చిచ్చింది అతనే. తెల్లవారుజామున ఐదింటికి కారు తీశాం. కోదాడలో మందుల షాపు మిత్రుణ్ని ఎక్కించుకొని, అక్కడే చాయ్ తాగి, గరికపాడు దగ్గర పాలేరు దాటాం.

దారి పొడుగునా మిల్లు మిత్రుడు పొలాలే చూస్తున్నాడు. వరి ఎంత దూరం కోశారు, గింజ ఎట్లా ఉంది, అదే ధ్యాస. నందిగామ దాటాక అన్నాడు: "మన కాడ సాగర్ ఎడమ కాలువ, ఈడ బెజవాడ బ్యారేజీ కాలువలు. నీళ్లు ఒక్కటే గదరా." నిజమే. 1967లో సాగర్ కాలువలకు నీళ్లు వదిలాకే మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతాల ముఖం మారింది. ఇన్ని మిల్లులు లేచాయి. ఆ కృష్ణే వాడపల్లి దగ్గర మూసీని కలుపుకొని, మట్టపల్లి నరసింహస్వామిని తాకి, విజయవాడ మీదుగా సముద్రానికి పోతుంది. రోడ్డొక దారిన, ఏరొక దారిన పోయి రెండూ ఒకే జిల్లాలో సముద్రం చేరతాయి. ఇన్నేళ్లూ ఆ సంగతి నేను పటంలో చూశానే తప్ప తలకెక్కించుకోలేదు.

విజయవాడ నుంచి కంకిపాడు, ఉయ్యూరు, పామర్రు మీదుగా బందరు దాదాపు 70 కిలోమీటర్లు. ముందు పెడన పోయి కలంకారీ అద్దకం చూశాం. బట్టను కరక్కాయ నీళ్లలో నానబెట్టి, చెక్క అచ్చులతో నలుపు, ఎరుపు అద్దుతున్నారు. తుప్పు పట్టిన ఇనుము, బెల్లం కలిపి ఊరబెడితే నలుపు రంగొస్తుందట. అక్కడొక పెద్దాయన చెప్పిన మాట నాకు నచ్చింది. "రంగు నిలవాలంటే పారే నీళ్లలో ఉతకాలి బాబూ. కాలువ పారకపోతే మాకు పని లేదు." మన కాలువకు నీళ్లు రాకపోతే పంట పోతుందని తెలుసు. వీళ్ల రంగు కూడా ఆ ఏటి మీదే ఆధారపడుతుందని అప్పుడే తెలిసింది.

బందరు అంటేనే పారశీకంలో ఓడరేవు. మస్కట్ దగ్గర బందర్ జిస్సా ఉంది, ఇరాన్‌లో బందర్ అబ్బాస్ ఉంది. ఇరవై తొమ్మిదేళ్లు ఆ పేర్లు వింటూ కూడా మన బందరు నాకు తట్టలేదు. గోల్కొండ సుల్తానుల కాలంలో రాజ్యానికి పెద్ద రేవు ఇదే. డచ్చివాళ్లు వచ్చారు, 1611లో ఇంగ్లీషువాళ్లు వచ్చి వర్తక స్థావరం పెట్టారు. వజ్రాల వ్యాపారి తావెర్నియే లాంటివాళ్లు బందరుకూ గోల్కొండకూ మధ్య తిరిగారు. ఎడ్లబండ్ల మీద, పల్లకీల మీద రోజుల తరబడి సాగిన దూరాన్ని మేం పొద్దుటి ఎండ ముదరకముందే దాటేశాం. డచ్చివాళ్ల సమాధులు, కోట శిథిలాలు ఇప్పటికీ ఉన్నాయి.

అంత రేవు ఎందుకు పడిపోయిందని ఇంజినీరు బుర్ర అడుగుతుంది కదా. అక్కడ తీరం లోతు తక్కువ. నది తెచ్చిన ఒండ్రుతో పూడిపోతూ ఉంటుంది. పెద్ద ఓడలు మైళ్ల దూరంలో లంగరు వేస్తే, సరుకు పడవల్లో మోయాలి. దానికి తోడు తుఫాన్లు. 1864 నవంబరులో ఉప్పెన వచ్చి సుమారు 30 వేల మందిని మింగింది. 1933లో విశాఖ రేవు తెరిచారు. 1977 దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు మా ఇళ్లలో పెద్దవాళ్లు రేడియో చుట్టూ మూగి మాట్లాడకుండా కూర్చోవడం నాకు గుర్తుంది. 2023లో కొత్త పోర్టు పనులు మొదలయ్యాయి. రాళ్ల టిప్పర్లు వరసగా పోతుంటే, నా పాత రోజులు గుర్తొచ్చి కాసేపు కారు ఆపించాను. మిత్రులు నవ్వారు.

మధ్యాహ్నం చేపల పులుసుతో భోంచేసి, ఇళ్లకు తొక్కుడు లడ్డు కట్టించుకొని, మూడింటికి మంగినపూడి చేరాం. అక్కడ తెల్లటి ఇసుక ఉండదు. నల్లని మెత్తని మట్టి. తీసి చేతిలో నలిపితే మన రేగడి మట్టిలాగే ఉంది. పై నుంచి కృష్ణ వేల ఏళ్లు మోసుకొచ్చిన ఒండ్రు అది. అలలు మోకాలు దాటవు. చాలా దూరం నడిచి పోయినా నీళ్లు నడుముకు రావు.

తాటిచెట్టంత అలలెక్కడ? నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే గొంతు పట్టేసింది. ఒడ్డున కూర్చొని ఇద్దరికీ చెప్పేశాను. "నేను ఆనాడు రాలేదురా. ఇన్నేళ్లూ వచ్చినట్టు అబద్ధం చెప్పుకుంటూ తిరిగాను."

మిల్లు మిత్రుడు తల కూడా తిప్పలేదు. "నాకు తెల్వదారా? నువ్వు గేటు కాడ సైకిలు పట్టుకొని నిలబడ్డది కిటికీలకెల్లి చూసిన. అందుకే గదా గవ్వ తెచ్చిచ్చింది."

"మరి ఇన్నేళ్లూ ఎందుకు అనలేదు?"

"ఏమనాలె? మేం మాత్రం చూసినమా? పోయేటప్పుడే టైరు పగిలి నాలుగ్గంటలు రోడ్డు మీద కూసున్నం. ఈడికి వచ్చేసరికి చీకటైంది. చప్పుడు ఇన్నం, కాళ్లు తడిసినయ్, అంతే. ఆ గవ్వ బస్టాండు కాడ పావలకు కొన్న. అలలు, ఓడ, పొగ అన్నీ నేను కల్పించిందే. నువ్వు బాధ పడుతున్నవని జెర ఎక్కువ చెప్పిన."

నలభై ఏళ్లు నేను మోసిన అబద్ధం నాది కూడా కాదన్నమాట. ముగ్గురం చాలాసేపు నవ్వుకున్నాం. పొద్దు కుంకేదాకా కూర్చొని, ఈసారి సముద్రాన్ని ముగ్గురం వెలుతురులో చూశాం. తిరుగు దారిలో కోదాడ వచ్చేదాకా పెద్దగా మాట్లాడుకోలేదు.

ఇంటికొచ్చాక మా అమ్మాయికి ఫోన్ చేసి నిజం చెప్పాను. అది ఒక నిమిషం ఊరుకొని, "తాతయ్యను ఎందుకు అడగలేదు నాన్నా?" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు. అడిగితే ఆయన ఎక్కడో అప్పు తెచ్చి ఇచ్చేవాడు. అది తెలిసే నేను అడగలేదు. నేను అడగలేదని ఆయనకూ తెలుసు. ఆయన పోయేదాకా మేమిద్దరం ఆ మాట ఎత్తలేదు.

ఇదంతా చెప్పింది నవ్వించడానికే కాదు, సంఘాన్ని ఒకటి అడగడానికి. స్వర్ణోత్సవ గుర్తుగా ఆర్చి కడదామా, స్టేజీ కడదామా అని చర్చ జరుగుతోంది. కట్టండి, డిజైను నేను చేసిస్తాను. దానితోపాటు ఒక చిన్న నిధి పెడదాం. ప్రతి ఏడాది పిల్లలు ఎక్స్‌కర్షన్‌కు పోయేటప్పుడు డబ్బు లేక ఏ ఒక్కరూ గేటు దగ్గర నిలబడకూడదు. మొదటి ఐదేళ్ల ఖర్చు నాది. మా మిల్లు మిత్రుడు బస్సులు తనవంటున్నాడు.

ఒక్క షరతు. ఎవరికి డబ్బు కట్టామో ప్రార్థనలో పేర్లు చదవొద్దు. వాళ్లను నిలబెట్టి ఫొటో తీయొద్దు. తరగతి టీచరుకు తెలిస్తే చాలు. అడగలేని పిల్లవాడు అడగకుండానే బస్సెక్కాలి. ఇంట్లో మోటరు కాలినా, పంట పోయినా ఆ పిల్లవాడి సీటు ఖాళీగా ఉండకూడదు.

ఇక ఇక్కడున్న ప్రధానోపాధ్యాయులకు ఒక ఇంజినీరు మనవి. బస్సు తెల్లవారుజామున మూడింటికే తీయండి. రెండు టైర్లు అదనంగా పెట్టుకోండి. పిల్లలు సముద్రం చేరేసరికి చీకటి పడకూడదు.