పక్కన పడుకునే పిల్ల మాట్లాడట్లేదు



తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, హాస్టల్లో మీ పక్కన పడుకునే పిల్లని ఒకసారి గుర్తు చేసుకోండి. అన్నం సగం వదిలేస్తది. రాత్రి నిద్రపోదు. ప్రతిదానికీ విసుక్కుంటది. కడుపునొప్పని ఊరికే నర్సమ్మ దగ్గరికి పోతది. వార్డెన్ బద్ధకం అంటడు, ఇంట్లో గాలి సోకిందంటరు. ఇట్లా రెండు వారాలు దాటితే అది డిప్రెషన్ కావచ్చు. ఈ వయసులో అది ఏడుపుగానే కాదు, కోపంగానూ బయటపడతది.

నాటువైద్యుని దగ్గరికి పోతే పోనివ్వండి, తప్పులేదు. డాక్టరుకు కూడా చూపించాలె. కొందరికి కౌన్సెలింగే సరిపోతది. తీవ్రంగా ఉంటే ఫ్లూఆక్సెటిన్ లాంటి మందు రాస్తరు. దాని గుణం కనపడటానికి కొన్ని వారాలు పడతది. పది రోజులకే తగ్గలేదని మానేయొద్దు. మొదట్లో పిల్లను బాగా కనిపెట్టుకొని ఉండాలె.

'చచ్చిపోవాలనిపిస్తుందా?' అని అడగటానికి భయపడకండి. అడిగినందుకు ఆ ఆలోచన పుట్టదు. అవునంటే ఒంటరిగా వదలకండి, నమ్మకమైన పెద్దవాళ్లకు వెంటనే చెప్పండి. 14416కు, అంటే టెలీ మానస్‌కు ఫోన్ చేయండి. ఉచితం, అర్ధరాత్రి కూడా. తెలుగులో మాట్లాడతరు.

తెలుగులో! మన గొడవ అక్కడే. కోయలోనో గోండిలోనో ఏడ్చే పిల్ల ఆ బాధను తెలుగులో ఎట్లా చెప్తది? మానసిక వైద్యం వివక్ష లేకుండా అందాలని 2017 చట్టమే చెప్పింది. మన భాష వచ్చిన కౌన్సెలర్ కావాలని ఐటీడీఏలో దరఖాస్తు పెడదాం. అప్పటిదాకా ఆ ఫోన్ దగ్గర పిల్ల పక్కన కూచొని, మాట అటూ ఇటూ చెప్పాల్సింది మీరే. విన్నది మాత్రం హాస్టల్లో ఎవరికీ చెప్పకండి.