క్షణంలో మారే మనసుకు చికిత్స



పొద్దున "మా అమ్మంత మంచిది లేదు" అన్న పిల్ల, సాయంత్రం స్నేహితురాలు ఫోనెత్తలేదని గది తలుపేసుకుని "మీరెవరూ నాకక్కర్లేదు, నేను బతకను" అని ఏడుస్తుంది. రాత్రికి మళ్లీ వచ్చి మీ ఒళ్లోనే తల పెట్టుకుంటుంది. ఇంట్లో అత్తగారు "నాటకాలు" అంటారు. తండ్రి "గారాబం ఎక్కువైంది" అంటారు. పక్కింటావిడ "పెళ్లి చేసెయ్యండి, కుదురుకుంటుంది" అని సలహా ఇస్తుంది. ఈ మూడింటిలో మూడోదే మరీ ప్రమాదం. ఆ పిల్ల భయాన్ని ఇంకో ఇంటికి సాగనంపడమే అవుతుంది కాని అది మందు కాదు.

ఎప్పుడో ఒకసారి ఇలా జరిగితే సరే. ఏళ్ల తరబడి ఇదే వరసైతే, అందరూ నన్ను వదిలేస్తారన్న భయం, లోపలంతా ఖాళీ అన్న బాధ, తన ఒంటికి తానే హాని చేసుకోవడం కూడా కనిపిస్తే మానసిక వైద్యులకు చూపించాలి. దీన్ని బోర్డర్‌లైన్ పర్సనాలిటీ డిజార్డర్ అంటారు. ఉన్మాదానికీ, మామూలు మనోవ్యాకులతకీ నడిమి హద్దు అనే అర్థంలో 1938లో ఆడాల్ఫ్ స్టెర్న్ అనే అమెరికన్ వైద్యుడు వాడిన మాట ఇది. ఆ అర్థం పోయింది, పేరు మాత్రం మిగిలింది. మగపిల్లలకూ వస్తుంది సుమండీ.

"ఏదో ఒక బిళ్ల రాసివ్వండి డాక్టరుగారూ" అని అడుగుతాం. ఈ జబ్బుకంటూ ప్రత్యేకించిన బిళ్ల లేదు. దిగులో, నిద్రలేమో తోడై ఉంటే వాటికి మందు ఇస్తారు. అసలు వైద్యం మాటలతోనే.

ఆ మాటల వైద్యంలో బాగా పేరొచ్చినది డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ. అమెరికాలో సియాటిల్ నగరానికి చెందిన మార్షా లినెహాన్ అనే ఆవిడ దీన్ని రూపొందించారు. 1991లో మొదటి ఫలితాలు ప్రచురించారు. ఇరవై ఏళ్ల తర్వాత, 2011లో, ఒక విషయం బయటపెట్టారావిడ. పదిహేడేళ్ల వయసులో తానే మానసిక ఆసుపత్రిలో ఉన్నానని, తనను తాను గాయపరచుకునేదాన్నని! ఈ రోగుల్ని ఆవిడ ఒళ్లు కాలినవాళ్లతో పోల్చారు. మనకు తగిలీ తగలనట్టుండే మాట వాళ్లకు భరించరాని మంట.

వారానికోసారి విడిగా డాక్టరుతో మాటలు, ఇంకోసారి నలుగురితో కలిసి పాఠం. ఇలా సుమారు ఏడాది సాగుతుంది. ఏం నేర్పుతారంటారా? ఉద్రేకం పొంగినప్పుడు దాన్ని గుర్తుపట్టి పేరు పెట్టడం, చన్నీళ్లతో ముఖం కడుక్కునో, నాలుగడుగులు నడిచో ఆ పది నిమిషాలూ దాటెయ్యడం, అలిగి తెంచుకోకుండా కావలసింది అడగడం. వంట నేర్చుకున్నట్టే, చేతికి అలవాటు కావాలి. మొదటి నెలలో గుణం కనబడలేదని మానిపించకండి.

ఇంట్లో మన పాత్ర కూడా ఉంది. "ఇంత చిన్నదానికా?" అనకండి. "ఆమె ఫోనెత్తకపోతే నీకు చాలా బాధేసింది కదూ" అనండి. అలాగని అడిగిందల్లా ఇచ్చెయ్యమని కాదు. బాధ నిజమని ఒప్పుకోవడం వేరు, పళ్లెం విసిరినా ఊరుకోవడం వేరు. ఈ తేడా పట్టుబడడానికి తల్లులకూ కొంత కాలం పడుతుంది.

చస్తానన్నవాళ్లు చావరనే మాట మాత్రం నమ్మకండి. ఒంటరిగా వదలకుండా ఆసుపత్రికి తీసుకువెళ్లండి. పోలీసు కేసవుతుందని భయపడి దాచేవాళ్లున్నారు. ఆ స్థితిలో ఉన్నవారిది తీవ్రమైన ఒత్తిడిగా భావించాలి, శిక్షించకూడదు అని 2017 మానసిక ఆరోగ్య చట్టం చెప్పింది.

అమెరికాలో మేరీ జనరిని అనే పరిశోధకురాలు 290 మందిని పదేళ్లు గమనించి 2010లో ఫలితాలు ప్రకటించారు. వారిలో నూటికి 93 మందికి లక్షణాలు తగ్గి, కనీసం రెండేళ్లు అలాగే నిలిచాయి. ఉద్యోగం, స్నేహాలు కుదురుకోవడం అంత త్వరగా జరగలేదు, అదీ చెప్పాలి.

ఎవరిని అడగాలో తెలియకపోతే 2022లో మొదలైన టెలీ మానస్‌కు ఫోన్ చెయ్యండి. ఖర్చు లేదు. రాత్రయినా పగలయినా తెలుగులోనే మాట్లాడవచ్చు. కాగితం, పెన్సిలు ఉన్నాయా? నంబరు 14416.