తమ్ముడు తెచ్చిన మడతచాకు

కొత్తగా వచ్చిన మడతచాకు ఒకటి మా తమ్ముడు పోయిన వారం నా చేతిలో పెట్టినాడు. "నాకెందుకురా, ఇంట్లో కత్తిపీట లేదా?" అన్నాను. "చేనికి కత్తిపీట మోసుకుపోతావా అక్కా?" అన్నాడు. అదీ నిజమే.

నేను మొదట చూసింది పదును కాదు, తాళం. మా అమ్మ పాత చాకుకు తాళం లేదు. సెనక్కాయ మూట తాడు కోస్తుంటే అది ఠక్కున మడతబడి ఆమె చూపుడువేలు తెగింది. ఆ వేలు ఇప్పటికీ సరిగా వంగదు. ఫ్రాన్సులో 1890లో పుట్టిన ఒపినెల్ చాకుకు సైతం తిప్పి బిగించే కట్టు 1955లోగాని రాలేదు. మా చాకులో అలుగు తెరవగానే లోపలి రేకు అడ్డం పడుతుంది. ఎంత నొక్కినా కదల్లేదు. మూసేటప్పుడు మాత్రం రేకును నెట్టే బొటనవేలు అలుగు దారిలోనే ఉంటుంది, జాగ్రత్త.

ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే అనంతపురం సీమ మనది. చాకు కడగడానికి కూడా నీళ్లు లెక్క చూసుకుంటాం. ఇది స్టెయిన్‌లెస్ ఉక్కు కాబట్టి చింతకాయ కోసినా నల్లబడలేదు, తడిగుడ్డతో తుడిస్తే సరిపోయింది. అయితే ఎర్రదుమ్ము కీలులో చేరి మూడోనాటికే కరకరమంది. కుట్టుమిషను నూనె ఒక చుక్క వేయండి. వంటనూనె వద్దు, జిగటై ఇంకా దుమ్ము పట్టుకుంటుంది. పిడి మరీ నున్నన, చెమట చేతికి జారుతుంది. అది నాకు నచ్చలేదు.

అమ్మకు చూపించినాను. తెరిచింది, మూసింది, మళ్లీ తెరిచింది. ఏమీ అనకుండా బొడ్లో దోపుకుంది. తిరిగి అడగడానికి నాకింకా నోరు రాలేదు.